మా హాస్పిటల్‌కి పెట్టుకున్న కంప్లయన్స్ కన్సల్టెంట్: ఏడాది వాడాక నా రివ్యూ

ముందే చెప్తున్నా, ఈ రివ్యూ అందరికీ కాదు. సొంత క్లినిక్కో నర్సింగ్ హోమో నడుపుకుంటూ, లైసెన్సుల ఫైలు తెరవాలంటేనే కడుపులో దేవినట్టయ్యే వాళ్ళ కోసం. మాది వనస్థలిపురం దగ్గర 22 పడకల హాస్పిటల్. మా ఆయన జనరల్ సర్జన్, మా వదిన, అంటే మా ఆయన అక్క, గైనకాలజిస్టు. నేను డాక్టర్ని కాదు, బీకామ్. పెళ్ళయిన కొత్తలో "కాస్త బిల్లులు చూసిపెట్టు" అని కూర్చోబెట్టారు, పదిహేనేళ్ళయింది, జనరేటర్ డీజిల్ దగ్గర్నుంచి జిల్లా వైద్యాధికారి ఆఫీసు దాకా అంతా నా నెత్తినే, పేరుకి మాత్రం అడ్మిన్.

ఈ కంప్లయన్స్ కన్సల్టెన్సీ, అంటే హాస్పిటల్ లైసెన్సులూ రూల్సూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసిపెట్టే వాళ్ళు, వాళ్ళ పేరు రాయట్లేదు. వాళ్ళ మీద నాకు కంప్లైంట్లున్నాయి, పైగా రెండో ఏడాది కూడా వాళ్ళతోనే పని, ఎందుకొచ్చిన లొల్లి. నారాయణగూడ సందులో ఒక మేడ మీద రెండు గదుల ఆఫీసు, లిఫ్ట్ లేదు, కింద చాయ్ హోటల్. నడిపేది ఒక మేడమ్, ముందు కార్పొరేట్ హాస్పిటల్ క్వాలిటీ డిపార్ట్‌మెంట్లో చాలా ఏళ్ళు చేసి బయటికొచ్చారు, ఆవిడ కింద ఇద్దరు స్టాఫ్ పనిచేస్తారు.

అసలు వీళ్ళ దాకా ఎందుకెళ్ళామో చెప్పాలి. అంతకుముందు మాకు ఒక ఫైళ్ళ బ్రోకర్ ఉండేవాడు. ఏ లైసెన్స్ అయినా సరే ఆయనదొకటే మాట, "మీరు ఊకోండి మేడమ్, నేను చూసుకుంటా". ఆధార్ జిరాక్సు, రెంటల్ అగ్రిమెంట్, డాక్టర్ల సర్టిఫికెట్లు, ఒక చెక్కు, అంతే, నెలా రెణ్ణెల్లకి సర్టిఫికెట్ వాట్సాప్‌లో వచ్చేది, దాన్ని ఫ్రేమ్ కట్టించి రిసెప్షన్ గోడకి తగిలించేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ ఫ్రేముల్లో ఏం రాసుందో నేను ఒక్కసారి కూడా చదవలేదు. చదవాల్సిన అవసరం ఎప్పుడొచ్చిందంటే, పక్క వీధిలో ఒక క్లినిక్‌కి తనిఖీ పడి స్కానింగ్ గది సీల్ చేశారని తెలిసిన రోజు. ఆ రాత్రి మా ఆయన పడుకోలేదు, నేను గోడ మీదున్న ఫ్రేములన్నీ దించి మంచం మీద పరిచాను.

పరిచాక తేలిందేంటంటే మూడు కాగితాల్లో మూడు లెక్కలు. హాస్పిటల్ రిజిస్ట్రేషన్‌లో 20 పడకలు, పొల్యూషన్ బోర్డు ఇచ్చే వేస్ట్ ఆథరైజేషన్‌లో (ఆసుపత్రి చెత్తకి ఇచ్చే అనుమతి) 15, బయట ఫ్లెక్సీ మీద "30 పడకల ఆధునిక ఆసుపత్రి". వార్డుల్లోకెళ్ళి లెక్కపెడితే 22. ఆ 15 ఎక్కణ్ణుంచి వచ్చిందని బ్రోకర్‌కి ఫోన్ చేసి అడిగితే, వేస్ట్ పట్టుకెళ్ళే వాళ్ళు పడకల లెక్కన డబ్బు తీసుకుంటారు కదా మేడమ్, మీకే మిగులుద్దని తగ్గించి రాయించిన అన్నాడు. నాకే మేలు చేశాడట! ఏళ్ళ తరబడి ఒక అబద్ధాన్ని ఫ్రేమ్ కట్టించి జనాలకి కనపడేట్టు గోడకి కొట్టుకున్నానని అప్పుడు వెలిగింది నాకు.

సరే, ఫీజు సంగతి. ఏడాదికి 96 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. వైద్యసేవలకి జీఎస్టీ లేదు కాబట్టి మనం ఇచ్చిన దానికి ఇన్‌పుట్ క్రెడిట్ కూడా రాదు, అంటే కట్టిన జీఎస్టీ వెనక్కి సర్దుకోలేం, మొత్తం చేతి ఖర్చే, ఇది లెక్కేసుకుని బేరమాడండి. గవర్నమెంటు ఫీజులు ఇందులో కలవవు. వాళ్ళు చేసేవి ఏంటంటే నెలకోసారి విజిట్, మూణ్ణెల్లకోసారి స్టాఫ్‌కి ట్రైనింగ్, రెన్యువల్ తేదీలు చూసిపెట్టడం, ఫారాలు చెక్ చేయడం, తనిఖీ వస్తే ఫోన్లో దొరకడం. వాళ్ళు చేయనిది కూడా మొదటి మీటింగులోనే చెప్పేశారు. ఏ ఆఫీసుకీ మన తరఫున వెళ్ళరు, ఎవరికీ ఏమీ "చూసుకోరు", ఏ రిజిస్టరూ మన బదులు రాయరు. "మేమొచ్చి రాసిపెడితే మీరు 96 వేలు ఇచ్చి కొత్త బ్రోకర్ని పెట్టుకున్నట్టు మేడమ్" అంది ఆవిడ. మా ఆయన మొహం చూడాలి, అంత డబ్బిచ్చి పని మనమే చేసుకోవాలా అని ఇంటికొచ్చే దాకా కార్లో అదే గొణుగుడు.

మొదటి విజిట్‌కి చెప్పకుండా వచ్చింది. పొద్దున ఏడున్నర, నేనింకా ఇంట్లో ఉన్నా, రిసెప్షన్ అమ్మాయి ఫోన్ చేసి "మేడమ్, ఎవరో వచ్చి డైరెక్టుగా వెనక్కి పోయిన్రు" అంది. పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి ఆవిడ బిల్డింగ్ వెనక మా వేస్ట్ రూమ్‌లో గ్లవుజులేసుకుని ఎర్ర బ్యాగ్ విప్పి చూస్తోంది, పక్కన మా ఆయమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆ బ్యాగ్‌లోంచి ఒక సెలైన్ సెట్ బయటికి తీసింది, దాని చివర సూది అట్లనే ఉంది. ఎర్ర బ్యాగులో వేయాల్సింది ప్లాస్టిక్, సెలైన్ పైపులు, సూది తీసేసిన సిరంజీలు, గ్లవుజులు. సూది అయితే తెల్ల డబ్బా, గుచ్చితే చిల్లు పడని గట్టిది. రక్తం అంటిన దూది, బ్యాండేజీలు, ఆపరేషన్‌లో తీసిన ముక్కలు, డేటైపోయిన మందులు పసుపు. గాజు సీసాలు, ఆంప్యూల్స్ నీలం. ఇది 2016 నాటి బయోమెడికల్ వేస్ట్ రూల్స్‌లోది, ప్రతి హాస్పిటల్ గోడ మీదా రంగుల చార్టు ఉంటది, మా గోడ మీద కూడా ఉంది, ఇంగ్లీషులో.

ఆయమ్మని ఏమీ అనలేదు ఆవిడ. "అమ్మా, నీకు సూది ఎప్పుడన్నా గుచ్చుకుందా" అని అడిగింది, అంతే. ఆయమ్మ నావైపు చూసి తర్వాత చెప్పింది, రెండుసార్లు గుచ్చుకుందట. "మేడమ్‌కి చెప్తే కోప్పడ్తరని చెప్పలే" అంది. రెండుసార్లు! పదకొండేళ్ళుగా మా దగ్గర పనిచేస్తున్న మనిషి. హెపటైటిస్ బి టీకా వేయించారా అని అడిగితే ఫైల్లో చూస్తే ఒక్క డోసే పడింది, మిగతా రెండూ ఎవరూ పట్టించుకోలేదు. వేస్ట్ ముట్టుకునే ప్రతి మనిషికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాల్సింది మనమే, రూల్సులో ఉంది, సూది గుచ్చుకుంటే రాసిపెట్టడానికి ఒక ఫారమే ఉంది. ఆ రోజు నేను ఆవిడ ముందు కాదు, ఆయమ్మ ముందు తలెత్తుకోలేకపోయా.

అక్కడితో ఆగలేదు. వేస్ట్ రిజిస్టర్ తెమ్మంది. రోజూ ఏ రంగు బ్యాగు ఎన్ని కిలోలు పోయిందో రాసే పుస్తకం అది. ఆవిడ పేజీలు తిప్పుతూ పుస్తకాన్ని కిటికీ వెలుతురుకి కాస్త వంచి నాకు చూపించింది. ఒకటో తారీఖు నుంచి ముప్పై దాకా ఒకే పెన్ను, ఒకే చెయ్యి, ఒకే వాలు. పసుపు 2 కిలోలు, ఎరుపు 2 కిలోలు, పసుపు 2 కిలోలు, ఎరుపు 2 కిలోలు. ఆదివారం కూడా అంతే, సంక్రాంతి రోజు కూడా అంతే, ఓటీ (ఆపరేషన్ థియేటర్) మూసిన రోజు కూడా అంతే. నెలాఖర్న ఎవరో కూర్చుని చాయ్ తాగుతూ గడులు నింపారు. "కాటా ఎక్కడుంది మేడమ్" అని అడిగింది. కాటా ఉంది, స్టోర్‌లో, అట్టపెట్టెలోంచి బయటికి తీయలేదు, సెల్ కూడా వేయలేదు. అప్పటిదాకా ఈ రిజిస్టర్ మీద వారం వారం సంతకం పెట్టింది ఎవరో కాదు, నేనే.

ఆ నెల నుంచి కాటా వేస్ట్ రూమ్ గోడకి బిగించాం, రంగుల చార్టు తెలుగులో రాయించాం, ఆయమ్మకి రాయడం రాదు కాబట్టి ఆవిడ తూకమేసి చెప్తే నైట్ సిస్టర్ రాస్తుంది, బ్యాగు మీద బార్‌కోడ్ అంటించి బండి వచ్చినప్పుడు ఇస్తాం. 48 గంటలు దాటి వేస్ట్ ఉంచకూడదు, మా దగ్గరికి బండి రోజూ వస్తుంది కాబట్టి ఆ బాధ లేదు. ఇప్పుడు రిజిస్టర్‌లో 1.4, 3.1, 0.8 ఇట్లా వంకర టింకర అంకెలు ఉంటాయి, చూస్తే ముద్దొస్తుంది.

రెండో పెద్ద గొడవ స్కానింగ్ గది. ఇది మా ఇంట్లో గొడవ కూడా అయింది కాబట్టి కాస్త వివరంగా చెప్తా. గర్భిణీకి స్కానింగ్ చేసిన ప్రతిసారీ ఫారం ఎఫ్ నింపాలి, లింగ నిర్ధారణ నిషేధ చట్టం, 1994 నాటిది, అందరికీ తెలిసిందే. పేషంట్ పేరు, వయసు, భర్త పేరు, ఉన్న పిల్లల్లో మగపిల్లలెందరు ఆడపిల్లలెందరు వాళ్ళ వయసులెంత, ఎవరు పంపారు, ఎన్నో వారం, ఎందుకు స్కాన్, పుట్టబోయే బిడ్డ ఆడో మగో తెలుసుకోనని ఆమె డిక్లరేషన్, చెప్పనని డాక్టర్ డిక్లరేషన్. మేడమ్ మా పాత ఫారాలు ఒక కట్ట తీసుకుని ఒక్కోటి పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటూ పోయింది. పిల్లల వయసులు రాయలేదు, రిఫరల్ చీటీ పిన్ చేయలేదు, డాక్టర్ సంతకం లేదు, ఒక దాంట్లో అడ్రస్ చోట "లోకల్" అని మాత్రమే ఉంది.

మా వదినకి కోపమొచ్చింది. ఇరవై మూడేళ్ళ ప్రాక్టీసు, ఒక్కరోజు కూడా ఆడా మగా అని చెప్పిన మనిషి కాదు, అడిగిన వాళ్ళని తిట్టి పంపిస్తుంది, ఒక అత్తగారినైతే గదిలోంచి బయటికే పంపింది, అది నేను కళ్ళారా చూశా. "నేనేమన్నా తప్పు చేస్తున్నానా, ఓపీలో అరవై మంది ఉంటే నేను అడ్రస్‌లు రాస్తూ కూర్చోవాలా" అంది. మేడమ్ గొంతు పెంచలేదు. "మీరు తప్పు చేయలేదని నాకు తెలుసు డాక్టర్‌గారూ, కానీ చట్టం ముందు మీరు చేయలేదని చెప్పేది ఈ కాగితమొక్కటే, అదే ఖాళీగా ఉంది" అంది. తర్వాత 2019లో సుప్రీంకోర్టు తీర్పు సంగతి చెప్పింది. గైనకాలజిస్టుల సంఘమే కోర్టుకెళ్ళి, ఫారం నింపడంలో దొర్లే రాతపని పొరపాట్లని నేరంగా చూడొద్దని అడిగితే, కోర్టు ఒప్పుకోలేదు. ఈ ఫారం సరిగ్గా నింపకపోవడం చిన్న పొరపాటు కాదు, అసలు చట్టం నిలబడేదే దీని మీద అని చెప్పింది. మొదటి నేరానికే మూడేళ్ళ దాకా జైలు, పదివేల దాకా జరిమానా, మెడికల్ కౌన్సిల్‌కి డాక్టర్ పేరు పంపడం వేరే. వదిన ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయింది, మూడ్రోజులు నాతో కూడా మాట్లాడలేదు, ఆవిణ్ణి తెచ్చింది నేనే కదా.

ఇంకోటి బయటపడింది, అది నిజంగా ప్రమాదం. వదిన మా దగ్గర కాకుండా హయత్‌నగర్‌లో ఒక క్లినిక్‌లో వారానికి రెండ్రోజులు స్కాన్లు చేస్తుంది, అది రిజిస్ట్రేషన్‌లో ఉంది. ఆ మధ్య బీఎన్ రెడ్డి నగర్‌లో ఫ్రెండ్ క్లినిక్‌లో శనివారాలు కూడా మొదలుపెట్టింది. 2012లో మార్చిన రూల్స్ ప్రకారం ఒక డాక్టర్ ఒక జిల్లాలో రెండు సెంటర్లకి మించి స్కానింగ్‌కి రిజిస్టర్ కాకూడదు. మనకేమో అంతా హైదరాబాదే అనిపిస్తుంది, ఆఫీసు లెక్కల్లో మూడూ రంగారెడ్డి జిల్లా. శనివారాలు ఆపేసింది. అదే నెలలో ఒక కంపెనీ వాళ్ళు చేతిలో పట్టుకునే పోర్టబుల్ స్కానర్ రెండ్రోజులు డెమోకి పెట్టి పోతామన్నారు, మా వదిన సంబరంగా సరే అంది, మేడమ్ ఫోన్లోనే ఆపించింది. మెషిన్ మారినా, కొత్తది వచ్చినా, చేసే డాక్టర్ మారినా ముందే జిల్లా అధికారులకి తెలపాలి, డెమో అయినా సరే రిజిస్ట్రేషన్‌లో లేని మెషిన్ మన గదిలో దొరికితే ఆ తర్వాత ఏం చెప్పినా వినరు. ఈ ఒక్క ఫోన్ కాల్‌కే మా 96 వేలు చెల్లిపోయాయని నా లెక్క.

ఇప్పుడు ఫారం ఎఫ్‌లో పేషంట్ వివరాలు బయట సిస్టర్ అడిగి రాస్తుంది, లోపల వదిన స్కాన్ వివరాలు రాసి సంతకం పెట్టాకే రిపోర్ట్ ప్రింట్ అవుతుంది. నెల రిపోర్ట్ తర్వాతి నెల 5లోపు పోవాలి, మూడో తారీఖునే పంపిస్తున్నాం. వదిన ఇప్పటికీ గొణుగుతుంది కానీ గొణుగుతూనే నింపుతుంది.

ఎక్స్‌రే సంగతి చిన్నదే కానీ నవ్వొస్తుంది. టెక్నీషియన్ ఒంటి మీద రేడియేషన్ ఎంత పడిందో కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జ్ ఒకటుంటుంది, ఛాతీకి పెట్టుకోవాలి, మూణ్ణెల్లకోసారి ల్యాబుకి పంపాలి. మా టెక్నీషియన్ అబ్బాయి దాన్ని జాగ్రత్తగా ఎక్స్‌రే గది లోపల మేకుకి తగిలించేవాడు, పోకుండా ఉంటుందని. అంటే పాపం ఆ బ్యాడ్జ్ రోజంతా గదిలో ఉండి అందరి ఎక్స్‌రేలూ అదే తీయించుకునేది. "రీడింగ్ ఎక్కువొస్తే అబ్బాయికి రేడియేషన్ ఎక్కువ పడిందని మీకు నోటీసొస్తది, మేకుకి పడిందని ఎవరికీ చెప్పుకోలేరు" అంది మేడమ్. ఎక్స్‌రే మెషిన్‌కి అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్స్ ఉండాలని, రెండేళ్ళకోసారి క్వాలిటీ టెస్ట్ చేయించాలని చాలా చిన్న క్లినిక్కులకి ఈ రోజుకీ తెలీదు, నాకు తెలిసిన ఒక డెంటల్ డాక్టర్ ఇది విని ఫోన్ పెట్టేశాడు.

మిగతావి త్వరగా చెప్పేస్తా. రేట్ల బోర్డు తెలుగులో, ఇంగ్లీషులో పెట్టించారు. పేషంట్ కేస్ షీట్ కాపీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లో ఉంది, మేమేమో అడిగిన వాళ్ళని అనుమానంగా చూస్తూ వారాలు తిప్పేవాళ్ళం, ఇప్పుడు రాసిచ్చిన రోజే జిరాక్స్ తీసి సంతకం పెట్టించుకుని ఇచ్చేస్తున్నాం, లొల్లులు సగం తగ్గాయి. మందుల షాపులో షెడ్యూల్ హెచ్1 రిజిస్టర్, అంటే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన కొన్ని మందుల లెక్క రాసే పుస్తకం, విడిగా పెట్టించారు. నలభై మంది స్టాఫ్, అందులో ముప్పై మంది ఆడవాళ్ళు, లైంగిక వేధింపుల కమిటీ కాగితం మీద కూడా లేదు, పదిమంది ఉన్న చోటే ఉండాలట, వేశాం.

ఇక కంప్లైంట్లు. వాళ్ళ యాప్ దండగ. మొదట్లో గొప్పగా చూపించారు, లైసెన్స్ తేదీలన్నీ పెడితే రిమైండర్లు వస్తాయని. నాకొచ్చిన రిమైండర్లలో సగం హ్యాపీ ఉగాది లాంటివి, అసలైనది మాత్రం లేటు. వేస్ట్ మీద ఏటా జూన్ 30లోపు పంపాల్సిన వార్షిక రిపోర్ట్ ఉంటుంది, దానికి రిమైండర్ నాకు 27న రాత్రి వచ్చింది. పన్నెండు నెలల బ్యాగుల లెక్క మూడ్రోజుల్లో తీయాలంటే ఎట్లా? అందులో సగం నెలలు పాత "2 కిలోల" నెలలు. నేను ఫోన్ చేసి గట్టిగానే అరిచా, మేడమ్ సారీ చెప్పి వాళ్ళ ఆఫీసు అమ్మాయిని పంపింది, ఇద్దరం కూర్చుని వేస్ట్ వాళ్ళ రసీదులు పట్టుకుని చేశాం, 29న పంపాం. ఆ తర్వాత నుంచి నేను యాప్ తీసేసి క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో గుండ్రాలు చుట్టుకుంటున్నా, అదే నడుస్తోంది.

కన్సెంట్ ఫారాలు మరీ ఘోరం. ఆపరేషన్ ముందు సంతకం పెట్టించుకునే ఫారాలు కొత్తవి ఇస్తామని ఒక సెట్ పంపారు. వాటిలో పేషంట్‌కి ఏ భాషలో వివరించారో టిక్కు పెట్టే చోట ఇంగ్లీష్, హిందీ, కన్నడ అని ఉంది. వనస్థలిపురంలో కన్నడ! ఏ బెంగళూరు హాస్పిటల్‌కి చేసిందో అట్లనే మాకు తోసేశారు. తెలుగు కావాలంటే తెలుగు చేసిచ్చారు, అందులో "శస్త్రచికిత్సానంతర సంక్లిష్టతలు సంభవించు అవకాశము" అని రాశారు. మా ఆయన అది చదివి "నాకే అర్థం కాలా" అన్నాడు. చివరికి నేనూ మా హెడ్ సిస్టరూ కూర్చుని "ఆపరేషన్ తర్వాత రక్తం ఎక్కువ పోవచ్చు, కుట్లు చీము పట్టొచ్చు, ఇంకోసారి ఆపరేషన్ అవసరం పడొచ్చు" అని మామూలు మాటల్లో రాశాం. ఉర్దూలో కూడా కావాలని పట్టుబట్టి తీసుకున్నాం, మాకొచ్చే వాళ్ళలో ఆ అవసరం ఉన్నవాళ్ళున్నారు. ఇంత ఫీజు తీసుకునే వాళ్ళు ఇది ముందే చూసుకోవద్దా?

ఫైర్ సేఫ్టీ విషయంలో అయితే నాకు నమ్మకమే పోయింది. మేడమ్‌కి ఫైర్ తెలీదు, ఆ మాట ఒప్పుకోకుండా తనకి తెలిసిన ఒకాయన్ని పంపింది. ఆయన వచ్చి పది నిమిషాలు చూసి నాలుగు లక్షల కొటేషన్ ఇచ్చాడు, అన్నీ ఆయన షాపులోనే కొనాలట. నేను ఇంకో ఇద్దరిని పిలిపించి చూపిస్తే అందులో సగం మాకు అక్కర్లేదు. అక్కరున్నది మాత్రం ఆయన చెప్పనే లేదు, వెనక మెట్ల మీద పాత మంచాలు, విరిగిన స్ట్రెచరు పేర్చి ఉన్నాయి, పొగొస్తే రెండో అంతస్తులో బాలింతలు దిగే దారే లేదు. అది చూసింది మా వాచ్‌మన్. మంచాలు అమ్మేశాం, ఆ డబ్బుతో ఫైర్ సిలిండర్లు నింపించాం, అందరితోటీ ఒక్కోసారి పిన్ను లాగించి కొట్టించాం, మా రిసెప్షన్ అమ్మాయి మూతి నిండా తెల్ల పౌడర్. దీని గురించి మేడమ్‌తో మాట్లాడితే ఆయన కమీషన్ సంగతి తనకి తెలీదంది. నమ్మాలో వద్దో నాకింకా తేలలేదు.

ట్రైనింగ్ కూడా మొదటి రెండుసార్లు ఇంగ్లీషు స్లైడ్లు, ఆయమ్మలు వెనక వరసలో కునుకుతీశారు. మూడోసారి స్లైడ్లు మానేసి నిజం బ్యాగులు, నిజం సిరంజీలు, ఎర్ర రంగు నీళ్ళలో ముంచిన దూది తెచ్చి ఒక్కొక్కళ్ళతో వేయించారు, ఆ రోజు అందరూ నేర్చుకున్నారు, తప్పేసిన వాళ్ళని చూసి ఒకటే నవ్వులు. ఇదేదో మొదటిసారే చేసుండొచ్చు.

నవంబర్‌లో మాకు తనిఖీ వచ్చింది. చెప్పకుండా, పొద్దున పదకొండింటికి, ఓపీ నిండా జనం. నేను మేడమ్‌కి ఫోన్ చేస్తే "భయపడకండి, అడిగింది ఇవ్వండి, అడగంది ఇవ్వకండి, లేనిది ఉందని చెప్పకండి" అని పెట్టేసింది. స్కానింగ్ రిజిస్టర్‌లో ఎన్ని పేర్లున్నాయో అన్ని ఫారం ఎఫ్‌లు ఉన్నాయా లేదా లెక్కపెట్టారు, గోడ మీద లింగ నిర్ధారణ చేయబడదు అనే బోర్డు, చట్టం పుస్తకం కాపీ అడిగారు, వేస్ట్ రూమ్‌కెళ్ళి రిజిస్టర్ చూశారు. అధికారి ఒకాయన ఆయమ్మని అడిగాడు, "సూది దేంట్లో ఏస్తవమ్మా". మా ఆయమ్మ డబ్బా చూపించి ఊరుకోలేదు, "దీంట్ల మూడొంతులు నిండంగనే మూతేస్త సార్, నిండా నింపొద్దు, చెయ్యి కోసుకుంటది" అంది. నాకు తెలీదు ఆ మూడొంతుల సంగతి! రెండు రిమార్కులు రాశారు. ఒకటి రేట్ల బోర్డులో ఒక రేటు పాతది, ఇంకోటి ల్యాబ్ ఫ్రిజ్ టెంపరేచర్ చార్టులో నాలుగు రోజులు ఖాళీ. రెండూ మావే తప్పులు. వారంలో సరిచేసి రాసిచ్చాం. పడకలు మాత్రం అన్ని కాగితాల్లోనూ 22కి మార్పించాం, ఆ ఫ్లెక్సీ పీకేయడానికి మా ఆయన ఒప్పుకోడానికే నెల పట్టింది, వేస్ట్ బిల్లు పెరిగింది, పెరగాల్సిందే.

ఎవరు పెట్టుకోవచ్చంటే, ఇరవై ముప్పై పడకల వాళ్ళు, స్కానింగ్, ఎక్స్‌రే, ఓటీ, మందుల షాపు అన్నీ ఉన్నవాళ్ళు, చూసుకోవడానికి నాలాగా ఇంట్లో మనిషి ఒకరున్న వాళ్ళు పెట్టుకోండి. ఒక్క గది కన్సల్టేషన్ క్లినిక్‌కి ఇంత అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ వేస్ట్ కాంట్రాక్టూ సరిగ్గా ఉంటే చాలు. హాస్పిటల్‌లో మీరు ఎవరూ తలపెట్టకుండా కాగితాలు వాటంతటవే రావాలనుకుంటే అస్సలు పెట్టుకోవద్దు, వీళ్ళతో వారంలో గొడవైపోతుంది. నా వరకు అయిదుకి మూడున్నర. ఫైర్ మనిషికీ కన్నడ ఫారానికీ ఒకటి, యాప్‌కి అర కోశాను. రెండో ఏడాదికి యాప్ వద్దు, ఆ డబ్బు తగ్గించండి అంటే మేడమ్ నవ్వి "యాప్ ఫ్రీయే కదా మేడమ్" అంది, చివరికి ఆరు వేలు తగ్గించింది.

పోయిన సోమవారం మళ్ళీ చెప్పకుండా వచ్చింది. డ్రెస్సింగ్ రూమ్‌లో పసుపు డబ్బా మూత తీసి లోపల చూసి, ఏమీ అనకుండా నన్ను పిలిచింది. దూది మధ్యలో ఉస్మానియా బిస్కెట్ల కవరు. ఆయమ్మ గట్టిగా "అమ్మా నేను కాదు, మా వాళ్ళెవ్వరూ అట్ల ఏయరు" అంది. నిజమే, ఆవిడ కాదు. ముందురోజు సాయంత్రం ఆ గదిలో స్టాక్ చెక్ చేస్తూ బిస్కెట్లు తిన్నది నేనే.